దీవికి వచ్చేవాళ్లు



దసరా సెలవులు దగ్గర పడేసరికి మన డిగ్రీ కళాశాలల నోటీసు బోర్డుల మీద ఒక రంగుల కాగితం ప్రత్యక్షమవుతుంది. అండమాన్ విద్యాయాత్ర, ఐదు రాత్రులు, ఆరు పగళ్లు, ద్వీప పర్యావరణ అధ్యయనం, పాల్గొన్నవారికి సర్టిఫికెట్. మూలన ఒక కొబ్బరి చెట్టు, ఎగిరే డాల్ఫిన్ ఒకటి. ఆ కాగితం పట్టుకుని తల్లిదండ్రులు నా దగ్గరికి వస్తుంటారు. జంతుశాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ణి కదా, నాకు తెలుస్తుందని వాళ్ల నమ్మకం. "మాస్టారూ, అమ్మాయిని పంపమంటారా? డబ్బు బాగానే అవుతోంది. ఇది చదువేనా, లేక షికారా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకి అవుననో కాదనో చెప్పి తప్పించుకోలేక ఈ ప్రసంగానికి ఒప్పుకున్నాను.

ముందు, జీవశాస్త్రం చదివినవాళ్లకి దీవులంటే ఎందుకంత మోజో చెప్పాలి. నేల మీద ఒక అడవి ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో గీత గీసి చూపించడం కష్టం. చిరుత ఈ కొండ మీద పుట్టి ఆ కొండకి పోతుంది. విత్తనం వాగులో పడి పక్క జిల్లాలో మొలుస్తుంది. దీవితో ఆ పేచీ లేదు, చుట్టూ నీళ్లే హద్దు. ఎవరు వచ్చారు, ఎవరు నిలిచారు, ఎవరు పోయారు అన్న మూడు లెక్కలూ అక్కడ తేలతాయి. 1967లో రాబర్ట్ మెకార్థర్, ఎడ్వర్డ్ విల్సన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు ఈ లెక్క మీదే ఒక పుస్తకం రాశారు. దీవి పెద్దదైన కొద్దీ ఎక్కువ జాతులు నిలుస్తాయి, పెద్ద నేలకి దూరమైన కొద్దీ తక్కువ జాతులు చేరతాయి, కొత్తవి రావడమూ పాతవి పోవడమూ ఎక్కడో ఒకచోట సరితూగుతాయి. స్థూలంగా వాళ్లు చెప్పింది ఇదీ.

చెప్పడం సరే, రుజువు? ఆ భారం విల్సన్ దగ్గర పరిశోధన చేస్తున్న విద్యార్థి డేనియల్ సింబర్లాఫ్ నెత్తిన పడింది. ఫ్లోరిడా తీరంలో లోతు తక్కువ నీళ్లలో అక్కడక్కడా మడ చెట్ల గుబుర్లు ఉంటాయి. ఒక్కో గుబురూ ఒక చిట్టి దీవి. గురుశిష్యులిద్దరూ అలాంటి కొన్నిటిని ఎంచుకుని, వాటి మీద ఉన్న పురుగునీ సాలీడునీ లెక్కగట్టారు. తర్వాత గుబురు మొత్తానికి గుడారం కప్పి, మందు పొగ పెట్టి, ఉన్నవాటన్నిటినీ చంపేశారు. గుడారం తీసేసి, ఏవి తిరిగి వస్తాయో చూస్తూ కూర్చున్నారు. చాలా గుబుర్ల మీద ఏడాది తిరక్కముందే జాతుల సంఖ్య ఇంచుమించు పాత అంకెకే వచ్చి ఆగింది. విచిత్రమేమిటంటే, వచ్చినవన్నీ పాతవి కావు. అంకె అదే, సభ్యులు వేరు. ఆ పద్ధతి నాకు అంతగా రుచించదు, పొగ పెట్టి చంపడం ఇప్పుడైతే ఎవరూ ఒప్పుకోరు కూడా. అయినా బురదలో దిగి, కొమ్మ కొమ్మకీ చీమల్ని లెక్కపెట్టిన ఒక విద్యార్థి ఓపిక వల్ల ఆ సిద్ధాంతం కాగితం దిగి నేల మీద నిలబడింది.

అంటే ద్వీప పర్యావరణం రాకపోకల శాస్త్రం. మరి మూడొందల కిలోమీటర్ల రైలు, ఆపైన విమానమో ఓడో ఎక్కి దీవిలో దిగిన మన పిల్లలు ఏమిటి? ఆ రాకల్లో వాళ్లూ ఒక రాకే. పావురం రెట్టలో వచ్చిన విత్తనానికి ఏ ప్రశ్నలు వేస్తామో వాళ్లకీ అవే వెయ్యాలి. ఏం తెచ్చారు, ఏం తిన్నారు, ఏం వదిలి వెళ్లారు? ఈ ప్రశ్నలు వెయ్యని యాత్ర ఎంత పెద్ద సర్టిఫికెట్ ఇచ్చినా నా లెక్కలో షికారే.

అండమాన్ మనకి మరీ పరాయి చోటేం కాదు. విశాఖ రేవు నుంచి అక్కడికి ఓడ ఉంది, రెండు రోజులు దాటే ప్రయాణం. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ జనం 3 లక్షల 80 వేలు. అందులో నూటికి 13 మంది ఇంటి భాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేటకి వెళ్లి అక్కడే స్థిరపడ్డ మత్స్యకారుల కుటుంబాలు వాళ్లలో ఎన్నో. పోర్ట్ బ్లెయిర్‌కి 2024లో శ్రీవిజయపురం అని పేరు మార్చారు. ఆ ఊళ్లో జంగ్లీఘాట్ రేవుకి పొద్దున్నే వెళ్తే, చేపల బేరంలో మన ఉత్తరాంధ్ర యాస చెవిన పడుతుంది. అండమాన్ నికోబార్‌లో దీవులూ, తిప్పలూ, నీళ్లలోంచి తల ఎత్తిన రాళ్లూ అన్నీ కలిపితే 836. మనుషులుండేవి 31. అన్నీ కలిపిన విస్తీర్ణం 8,249 చదరపు కిలోమీటర్లు, అంటే మన పాత కృష్ణా జిల్లా కన్నా కాస్త తక్కువ.

యాత్రల్లో మొదటి మజిలీ చాలాసార్లు రాస్ దీవి. ఇప్పుడు దాని పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. ఇంగ్లీషువాళ్ల పాత పాలనా కేంద్రం, కూలిన గోడల్ని చెట్ల వేళ్లు గుప్పిట పట్టి ఉంటాయి. పడవ దిగి నాలుగడుగులు వేస్తే చుక్కల దుప్పులు ఎదురొస్తాయి. మనుషులకి బాగా మాలిమి. ఇక చూడండి, బిస్కెట్లు, సెల్ఫీలు, కేరింతలు. పర్యావరణ పాఠం ఎక్కడ మొదలవ్వాలో సరిగ్గా అక్కడే ఫోన్లు బయటికొస్తాయి.

ఎందుకంటే ఆ దుప్పి అక్కడిది కాదు. 20వ శతాబ్దం తొలినాళ్లలో ఇంగ్లీషువాళ్లు తెచ్చి వదిలింది. అండమాన్‌లో పులి లేదు, చిరుత లేదు, రేచుకుక్క లేదు. పైగా దుప్పికి ఈత వచ్చు. దీవి నుంచి దీవికి పాకిపోయింది. నేల మీద లేచిన లేత మొలకల్ని మేస్తుంది. పైనుంచి చూస్తే అడవి పచ్చగానే ఉంటుంది. లోపలికి వెళ్తే తాతలున్న ఇంట్లో మనవలు లేనట్టు ఉంటుంది, మానులు ఉన్నాయి గాని వాటి చోటు తీసుకునే మొక్కలు లేవు. పొదలు పోయిన చోట వాటిని పట్టుకుని బతికే చిన్న బల్లులూ తొండలూ తగ్గిపోయాయని పరిశోధకులు లెక్కలు తీసి చూపించారు. బిస్కెట్ పెట్టే పిల్లవాడిని నేను తప్పు పట్టను. దుప్పి చూడముచ్చటగానే ఉంటుంది. పక్కనున్న మాస్టారు ఆ పిల్లవాణ్ణి ఒక్క గంట చెట్ల కింద కూర్చోబెట్టి, దుప్పి మూతి అందే ఎత్తు దాకా ఆకు ఏదైనా మిగిలిందేమో చూడమనాలి. మోకాళ్ల నుంచి ఛాతీ దాకా ఖాళీ, ఆ పైన ఒక్కసారిగా పచ్చదనం. ఒకసారి కంటికి ఆ గీత అలవాటైతే తర్వాత ఏ అడవికి వెళ్లినా కనిపిస్తుంది.

ఇంకో రాక సంగతి చెబుతాను, ఇది మన పొలాల నుంచి వెళ్లిన జీవి. బోదురు కప్ప. తొలకరి రాత్రుళ్లు ఒళ్లంతా పసుపు రంగు పులుముకుని గట్ల మీద గొంతు చించుకునే పెద్ద కప్ప. ఇక్కడ అది రైతు మిత్రుడు. ఒకప్పుడు దాని కాళ్లు విదేశాల వంటశాలలకి తెగ ఎగుమతయ్యేవి, 1987లో ప్రభుత్వం ఆ వ్యాపారం ఆపేసింది. అదే కప్ప అండమాన్‌లో పెద్ద తలనొప్పి. చెరువుల్లో వెయ్యడానికి తెచ్చిన చేప పిల్లల్లో కలిసి వెళ్లింది. 2010కి కాస్త అటూ ఇటూగా కనిపించడం మొదలుపెట్టి, ఒక దశాబ్దంలో మనుషులుండే అండమాన్ దీవుల్లో చాలావాటికి వ్యాపించింది. దాని తోకకప్పలు నాచు నాకి ఊరుకునే రకం కావు, సాటి తోకకప్పల్ని తింటాయి. తొట్లలో కలిపి పెట్టి చూసిన ప్రయోగంలో అండమాన్ కప్పల పిల్లలు ఒక్కటీ మిగల్లేదు.

ఈ కప్ప దండయాత్ర ఎలా సాగిందో పటం గీసిన పరిశోధకుడు నిత్య ప్రకాశ్ మొహంతి. ఆయన పద్ధతి నాకు చాలా నచ్చింది. ఊరూరా తిరిగి రైతుల్ని అడిగాడు, మీ చేలో ఈ కప్పని మొట్టమొదట ఎప్పుడు చూశారని. కొత్త జీవి చేలో దిగిన ఏడాది రైతుకి గుర్తుంటుంది, దాని అరుపే వేరు కదా. ఆ జవాబులన్నీ పేర్చితే ఏ ఏడు ఏ ఊరికి చేరిందో తేలింది. గమనించారా, ఇందులో ఖరీదైన యంత్రమేదీ లేదు. మర్యాదగా ఒక ప్రశ్న అడగడం, జవాబు శ్రద్ధగా రాసుకోవడం. డిగ్రీ రెండో సంవత్సరం పిల్లలు చెయ్యగల పని. తెలుగు మాట్లాడే మన పిల్లలకి జంగ్లీఘాట్‌లో దుబాసీ కూడా అక్కర్లేదు.

ఇక మనం మోసుకెళ్లే బరువు సంగతి. అండమాన్‌లో ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అంత వాన పడే చోట నీళ్లకేం లోటనిపిస్తుంది. కాని దీవి చిన్నది, నేల ఏటవాలు, పడ్డ నీరు పడ్డట్టే సముద్రంలోకి జారిపోతుంది. జనవరి దాటాక రాజధానికి ప్రధానంగా ధనిఖారి ఆనకట్ట నీళ్లే దిక్కు. వేసవిలో ఇళ్లకి కుళాయి రోజూ రాదు. సరిగ్గా అదే కాలం యాత్రికుల కాలం. హోటల్లో మన పిల్లలు రెండు పూటలా చేసే స్నానం ఎవరి బిందెలోంచి వచ్చిందో ఎవరూ చెప్పరు. చెత్త సంగతీ అంతే. దీవిలో పారేసిన సీసా దీవిలోనే ఉంటుంది, లేదా సముద్రంలోకి పోతుంది. మూడో దారి కావాలంటే మళ్లీ ఓడెక్కించాలి.

ఈ విషయంలో వండూర్ దగ్గర ఉన్న మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానం కొంత మేలు. 1983లో ఏర్పడింది, విస్తీర్ణం 281 చదరపు కిలోమీటర్లు. జాలీ బాయ్ దీవికి పడవ ఎక్కే ముందు సంచులు వెతికి ప్లాస్టిక్ తీసేస్తారు. జాలీ బాయ్, రెడ్ స్కిన్ అనే రెండు దీవుల్నీ వంతులవారీగా తెరుస్తారు. ఒకటి తెరిచి ఉంటే రెండోది మూసి ఉంటుంది. యాత్రికుల అడుగులకి పగడాల దిబ్బ ఎంత నలుగుతుందో తెలిసినవాళ్లు పెట్టిన ఏర్పాటు అది. పగడం చూడ్డానికి రాయిలా ఉన్నా ప్రాణం ఉన్నది. గుండ్రంగా బండలా పెరిగే రకం ఏడాదికి సెంటీమీటరు అటూ ఇటూగా పెరుగుతుంది. నీళ్లలో కాలు ఆనక ఒక్క క్షణం దాని మీద నిలబడినవాడు దశాబ్దాల పెరుగుదల మీద నిలబడ్డట్టు. 2010లోనూ 2016లోనూ సముద్రం వేడెక్కినప్పుడు అండమాన్ పగడాలు తెల్లబడిపోయాయి. వాటి ఒంట్లో కాపురముండి అన్నం వండిపెట్టే సూక్ష్మమైన నాచుని వేడికి తట్టుకోలేక అవే బయటికి పంపేస్తాయి. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటాయి, లేకపోతే ఆకలితో చస్తాయి.

గలాపగోస్ దీవుల్లో ఈ రాకపోకల మీద కట్టడి చాలా గట్టిది. పసిఫిక్‌లో ఈక్వెడార్ దేశానివి ఆ దీవులు. పండూ విత్తనమూ ఏమైనా తెచ్చారేమోనని సామాను తనిఖీ చేస్తారు. ఉద్యానంలో గైడు లేకుండా తిరగనివ్వరు. 2024 ఆగస్టు నుంచి విదేశీయుల్లో చాలామందికి ప్రవేశ రుసుమే 200 డాలర్లు. వాళ్లు ఊరికే అంత జాగ్రత్త పడలేదు. ఓడలవాళ్లు, వలస వచ్చినవాళ్లు వదిలిన మేకలు పెరిగిపోయి రాక్షసి తాబేళ్ల మేత మాయం చేస్తే, ఆ మేకల్ని లక్షకి పైగా వేటాడి తొలగించాల్సి వచ్చింది.

సరే, మంచి కార్యక్రమం ఎలా ఉంటుంది? వండూర్‌లోనే అండమాన్ నికోబార్ పర్యావరణ బృందం అని ఒక క్షేత్ర స్థావరం ఉంది, ఆనెట్ అంటారు. పాముల నిపుణుడు రోములస్ విటేకర్ మొదలుపెట్టిన మద్రాసు మొసళ్ల బ్యాంకు వాళ్లు 1990 ప్రాంతంలో నెలకొల్పారు. పరిశోధకులూ విద్యార్థులూ అక్కడ ఉండి పని చేసుకుంటారు. అక్కడి క్షేత్ర సిబ్బందిలో కరెన్ జాతివాళ్లు ఉన్నారు. 1925లో బర్మా నుంచి మధ్య అండమాన్‌కి తీసుకొచ్చిన కుటుంబాల వారసులు. డుంగీ పడవ నడపడం, అడవిలో దారి తీయడం, ఇసుక మీద జాడ చూసి తాబేలు గూడు ఎక్కడుందో చెప్పడం వాళ్లకి వెన్నతో పెట్టిన విద్య. విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పట్టభద్రుడు వాళ్ల వెనకాల నడవాల్సిందే.

అలాంటి చోట తరగతికి గంట కొట్టేది సముద్రం. ఆటు ఎప్పుడైతే అప్పుడే పాఠం, తెల్లవారుజామున నాలుగున్నరకైనా సరే. నీళ్లు వెనక్కి తీశాక ఒడ్డు నుంచి లోపలికి 50 మీటర్ల టేపు పరుస్తారు. టేపు పొడవునా ఇన్నేసి అడుగులకొకచోట పైపులతో చేసిన చదరపు మీటరు చట్రం పెట్టి, అందులో ఉన్నవి రాసుకోవాలి. ఒడ్డు దగ్గర చట్రంలో నాలుగైదు సన్యాసి పీతలు గుల్లలు మోసుకుంటూ పోతుంటాయి. కాస్త ముందుకెళ్తే సముద్ర దోసకాయ ఒకటి, నల్లగా, కదలక మెదలక. దాన్ని పట్టడం 2001 నుంచి నేరం, అయినా దొంగ రవాణా ఆగలేదు. ఇంకా లోపల పగడపు రాయిలో ఇరుక్కుని పెద్ద ఆల్చిప్ప, నోటి అంచున నీలమూ ఆకుపచ్చా కలిసిన తళుకు. మన నీడ పడితే చటుక్కున మూసుకుంటుంది. అది చూసి పిల్లలు వెనక్కి గెంతుతారు, మళ్లీ నీడ వేసి చూస్తారు, ఇంకోసారి, ఇంకోసారి. అంతసేపు దాన్ని ఆకలితో ఉంచుతున్నామని ఎవరో ఒకరు చెప్పాలి.

రాయి ఎత్తి చూస్తే దాని కిందే అసలు ఊరు. వేళ్లంత సన్నని చేతులతో పాకే పాము నక్షత్రాలు, స్పంజీలు, ఏవో గుడ్ల పొరలు. చూడ్డం అయ్యాక రాయిని ఎలా ఉన్నదాన్ని అలాగే బోర్లించాలి. తిరగేసి వదిలేస్తే కిందివి ఎండకి మాడతాయి, పైన ఉన్న నాచు చీకట్లో చస్తుంది. ఈ ఒక్క నియమం పాటిస్తున్నారా లేదా అన్నది చూస్తే ఆ బృందాన్ని నడిపే మాస్టారు ఎలాంటివాడో నాకు తెలిసిపోతుంది.

ఒకసారి ఇలాగే పిల్లలు వంగి లెక్కపెడుతుంటే ఒడ్డున వల బాగుచేసుకుంటున్న మన ప్రాంతం పెద్దాయన చాలాసేపు చూసి అడిగాడు. "ఏటి మాస్టారూ, పిల్లలు ఏటెదుకుతన్నారు? ఏదైనా పడిపోనాదేటి?" లెక్క సంగతి చెప్పాం. ఆయన నవ్వి, "మీ టేపు పరిసిన కాడ సునామీకి ముందు నాం నడిసీవోళ్లం బాబూ" అన్నాడు. ఆ మాటతో పిల్లల పట్టిక ఒక్కసారిగా అర్థవంతమైంది.

2004 డిసెంబరు 26 భూకంపంలో దక్షిణ అండమాన్ ఇంచుమించు ఒక మీటరు కుంగింది. ఊరి శివార్లలో సిప్పీఘాట్ పొలాలు ఉప్పునీటి కింద పడి, ఇప్పటికీ నీటి మడుగుల్లాగే ఉన్నాయి. వరి పండిన చోట ఇప్పుడు కొంగలూ వలస పిట్టలూ. పక్షులు చూసేవాళ్లకి అది మంచి చోటు, పొలం పోయినవాడికి కాదు. అటు ఉత్తర అండమాన్‌లో నేల పైకి లేచింది. నీళ్లలో ఉండాల్సిన పగడాల దిబ్బ గాలిలోకొచ్చి చచ్చిపోయింది, పోటు అందక మడ అడవి ఎండింది. దేశం దక్షిణపు కొస ఇందిరా పాయింట్ దగ్గర నాలుగు మీటర్లకి పైగా కుంగి, లైట్‌హౌస్ మొదలు సముద్రంలోకి దిగింది. ఒకే ఉదయం, ఒకే దీవుల వరస, ఒక చివర మునిగింది, ఒక చివర తేలింది. దీన్ని పటం మీద చూపిస్తే విద్యార్థి పరీక్షకి రాసుకుంటాడు. ఉప్పుకి మాడిన కొబ్బరి మోడుల మధ్య నిలబెడితే ఎవరి పొలం అని అడుగుతాడు.

విద్యార్థులూ దీవులూ అన్నప్పుడు సతీశ్ భాస్కర్ పేరు చెప్పకుండా ఉండలేను. మద్రాసు ఐఐటీలో చదువుకుంటూ, విటేకర్ బృందంతో కలిసి 1970లలో రాత్రుళ్లు తాబేళ్ల కోసం ఇసుక తీరంలో నడవడం మొదలుపెట్టాడు. అక్కణ్ణించి ఆయన నడక ఆగలేదు. అండమాన్, నికోబార్, లక్షదీవుల తీరాలన్నీ కాలినడకన తిరిగి ఏ తీరానికి ఏ తాబేలు వస్తుందో మొదటి లెక్కలు తీశాడు. 1982 వానాకాలంలో తాబేళ్లు గుడ్లు పెట్టే కాలమని, లక్షదీవుల్లో మనుషులు లేని సుహేలి దీవి మీద నెలల తరబడి ఒంటరిగా ఉన్నాడు. ఆ కాలంలో అటు పడవలు రావు. భార్యకి ఉత్తరం రాసి సీసాలో పెట్టి సముద్రంలో వేస్తే, ఆ సీసా శ్రీలంకలో ఒక జాలరికి దొరికి, ఆయన పుణ్యమా అని ఆమెకి చేరింది. సినిమా కథలా ఉంది కదూ, జరిగిందే. సతీశ్ భాస్కర్ 2023లో కన్నుమూశారు.

ఆ మద్రాసు తీరపు నడకలే తర్వాత 1988లో విద్యార్థుల తాబేళ్ల సంరక్షణ బృందంగా కుదురుకున్నాయి. ఇప్పటికీ చెన్నైలో శీతాకాలం రాత్రుళ్లు విద్యార్థులు నడుస్తూనే ఉన్నారు. ఆ బృందంలో తొలినాళ్లలో ఉన్న కార్తిక్ శంకర్ తర్వాత దక్షిణ్ ఫౌండేషన్ అనే సంరక్షణ సంస్థ స్థాపకుల్లో ఒకరయ్యారు. ఆయన బృందం చిన్న అండమాన్‌లో లెదర్‌బ్యాక్ తాబేళ్ల వెంట ఏళ్ల తరబడి ఉంది. మనిషి కన్నా పొడవు పెరిగే తాబేలు అది, వీపు మీద డిప్ప బదులు తోలు, తిండి జెల్లీ చేపలు. ఉపగ్రహానికి కబురంపే పరికరం అమర్చి వదిలితే కొన్ని ఆస్ట్రేలియా వైపు వెళ్లాయి, కొన్ని హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా తీరం దిశగా ఈదాయి. ఒక తీరాన్ని కాపాడితే చాలదని ఆ గీతలు చూస్తే తెలుస్తుంది.

ఆ తాబేలు గుడ్లు పెట్టే మరో ముఖ్యమైన తీరం గ్రేట్ నికోబార్‌లో గలథియా అఖాతం. అక్కడ పెద్ద కంటెయినర్ రేవు, విమానాశ్రయం, కొత్త పట్టణం కట్టే పథకానికి 2022లో పర్యావరణ అనుమతి వచ్చింది. దేశ రక్షణకీ వాణిజ్యానికీ అవసరమని ప్రభుత్వం అంటోంది. సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి పోతుందని, అక్కడి ఆదివాసులైన షోంపెన్ జాతివారి బతుకు తలకిందులవుతుందని ఎదుటివాళ్లు అంటున్నారు. ద్వీప పర్యావరణం పేరుతో పిల్లల్ని తీసుకెళ్లి ఈ చర్చ ఎత్తకుండా తిరిగి తీసుకొస్తే, అది వాళ్ల తెలివిని తక్కువ అంచనా వెయ్యడమే. రెండు పక్షాల కాగితాలూ చదవనివ్వండి.

సంరక్షణ అనగానే పిల్లలు ఒక జంతువు పక్షాన చేరిపోతారు. ఆ తొందరని లక్షదీవుల్లోని అగట్టి కొంచెం సరిచేస్తుంది. అక్కడి లాగూన్‌లో సముద్రపు గడ్డి మైదానాలు ఉండేవి, ఆ గడ్డిలో చేపలు పెరిగేవి, వాటి మీద ఊరివాళ్ల కూర గడిచేది. చట్టం కాపాడటం వల్ల పచ్చ తాబేళ్లు అక్కడ గుంపులు గుంపులుగా చేరాయి. ఏళ్ల తరబడి మేసి మేసి గడ్డిని అడుగంటించాయి. గడ్డి పోతే చేపలు తగ్గాయి, జాలర్లకి తాబేలంటే మంట పుట్టింది. రోహన్ ఆర్థర్, తెరెసా అల్కొవెర్రో బృందం చాలా కాలంగా అక్కడ ఇదంతా గమనిస్తోంది. ఇందులో దుర్మార్గుడెవరు? తాబేలు అంతరించే ప్రమాదంలో ఉన్నదే, జాలరి ఫిర్యాదూ నిజమే. తాబేళ్ల బొమ్మ చొక్కాలు వేసుకుని అగట్టిలో దిగే విద్యార్థులు ముందు ఒక పూట జాలరి ఇంటి అరుగు మీద కూర్చోవడం మంచిది.

ఒక్కచోట మాత్రం నాకు రెండో అభిప్రాయం లేదు. జారవా ఆదివాసులు ఉండే అభయారణ్యం గుండా అండమాన్ ట్రంక్ రోడ్డు పోతుంది. బారటాంగ్ సున్నపురాతి గుహలకని వాహనాల బారులో పోయే యాత్రికులు కిటికీలకి అతుక్కుని మనుషుల కోసం వెతకడం నేను చూశాను. ఫొటో తీయడం 1956 నాటి గిరిజన రక్షణ నిబంధనల కింద నేరం. నేరం సంగతి అటుంచి, అది సిగ్గుచేటు. బారటాంగ్‌కి సముద్రం మీదుగా కూడా వెళ్లొచ్చు. ఏ విద్యాయాత్ర కరపత్రంలోనైనా ఆదివాసుల్ని చూపిస్తామన్న సూచన కనిపిస్తే, అమ్మాయిని పంపకండి.

మరి పంపాల్సింది ఎలాంటిదానికి? మాస్టారు ఎవరో పేరు ఉండాలి. ఒకేచోట కనీసం నాలుగు రోజులు ఉండాలి, దీవికో పూట చొప్పున పరిగెత్తేది పనికిరాదు. పిల్లలు తీసిన లెక్క ఎక్కడికి పోతుందో చెప్పాలి. ఈ ఏడు వచ్చినవాళ్లు టేపు పరిచిన చోటే వచ్చే ఏడు వచ్చేవాళ్లూ పరిస్తేనే ఆ అంకెలకి విలువ. అదే టేపు, అదే చోటు, అదే ఆటు. విసుగు పుట్టించే పని, కాబట్టే రంగుల కాగితం మీద ఉండదు. డబ్బులో ఎంత దీవిలో మిగులుతుందో కూడా అడగండి, డుంగీ నడిపేవాడికీ వంట చేసే ఆవిడకీ ఏం ముడుతుందని. ఈ ప్రశ్నకి నిర్వాహకులు కాస్త ఇబ్బంది పడతారు, పడనివ్వండి.

అంత డబ్బు లేదంటారా? చాలామందికి ఉండదు. నా విద్యార్థుల్లో సగం మందికి అండమాన్ అంటే ఇంట్లో అప్పే. వాళ్లకి నేను కాకినాడ ఎదురుగా ఉన్న హోప్ ఐలండ్ చూపిస్తాను. గోదావరి మోసుకొచ్చిన ఇసుకా ఒండ్రూ ఇంచుమించు రెండొందల ఏళ్లలో పోగుపడి ఏర్పడ్డ దిబ్బ అది, పదహారు కిలోమీటర్ల పొడవున పాములా పడుకుని ఉంటుంది. తుఫాను అలల్ని ముందు అదే కాచుకుంటుంది, దాని చాటున కాకినాడ రేవు నిశ్చింతగా ఉంటుంది. ఇటు పక్కన కోరింగ మడ అడవులు, 1978లో అభయారణ్యం అయ్యాయి, బావురు పిల్లులకి పేరు. తెల్ల మడ, ఉప్పుపొన్న, తిల్ల చెట్ల వరస నీటి అంచు నుంచి లోపలికి ఎలా మారుతుందో చూడ్డానికి విమానం ఎక్కక్కర్లేదు. ఇంకా ఆకారం మార్చుకుంటూనే ఉన్న దీవి కాబట్టి, ఒడ్డు ఎక్కడుందో ఏటేటా కొలిచి పెట్టే విద్యార్థి బృందం ఒక్కటుంటే పదేళ్లకి అదే ఒక గొప్ప దస్తావేజు. దీవి మీద మత్స్యకారుల ఊరు ఉంది. తాగే నీళ్లూ, బడీ, వైద్యమూ సముద్రం దాటితేనే సరిగా దొరికే బతుకు ఎలా ఉంటుందో వాళ్లే చెబుతారు.

ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఆ ఇసుకలో గుడ్లు పెట్టడానికి జనవరి నుంచి వస్తాయి. రాత్రిపూట వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి ముందే ఉండాలి. కళాశాల తరఫున ఉత్తరం నవంబరులోనే పెట్టుకోండి, పాతిక మందికి మించి అడగకండి. టార్చీలకి ఎర్ర కాగితం చుట్టుకోండి, తెల్ల వెలుతురు పడితే ఒడ్డెక్కిన తాబేలు వెనక్కి తిరిగిపోతుంది. పడవ మాత్రం అక్కడి మత్స్యకారులదే మాట్లాడుకోండి, పోటు వేళ వాళ్లకే తెలుసు. తాగే నీళ్లు క్యాన్లలో మీరే తీసుకెళ్లి, ఖాళీ క్యాన్లు మీరే వెనక్కి తెచ్చుకోండి.